దండెం మీద రెండో చీర

పుస్తకం పోయింది ఉదయం తొమ్మిదిన్నరకీ పదింటికీ మధ్య.

1938 ఆగస్టు, ఆదివారం. బందరులో పురుషోత్తం ఇల్లు. పురుషోత్తం ఊరూరా తిరిగి ఆఫీసు గుమాస్తాలకు ఉపన్యాసాలిస్తాడు. పై అధికారితో ఎలా మాట్లాడాలి, పక్క బల్లవాడితో ఎలా మసలుకోవాలి. అదే ఆయన జీవనాధారం. సాయంత్రం నాలుగింటి ఉపన్యాసం నచ్చితే గుడివాడ, దివి తాలూకాల ఆఫీసులన్నీ ఆయన్నే పిలుస్తాయి. ఆ ఉపన్యాసమంతా తోలు అట్ట నోటుపుస్తకంలో ఉంది.

"జనార్దనరావు తీశాడండీ. రాసుకోండి," అన్నాడు పురుషోత్తం.

సబ్ ఇన్‌స్పెక్టర్ కృపావరం రాసుకోలేదు. జనార్దనరావు హెడ్ గుమాస్తా. రాస్తే ఉద్యోగం ఊడుతుంది. నలుగురు పిల్లలవాడు.

"పోకముందు పుస్తకం ఎక్కడుంది?"

"వరండా బల్ల మీద."

"మీరు?"

"లోపల గడ్డం గీసుకుంటున్నా. ఆయన పావుగంట ఒక్కడే కూర్చుని వెళ్ళాడు."

పది ఇరవైకి కృపావరం పెరటి వైపు ఒకసారి చూసి వచ్చాడు. జనార్దనరావుకి కబురు పెట్టాడు.

ఆయన వస్తూనే ఒప్పుకున్నాడు. తనకి రావలసిన పేరు పురుషోత్తానికి దక్కిందని ఊరంతా చెప్పుకుని ఏడ్చిన మాట నిజమేనట.

"ఏడ్చానండీ. తియ్యలేదు. నేను లేచేసరికి పుస్తకం బల్ల మీదే ఉంది."

"తెలుసండీ," అన్నాడు కృపావరం. "పురుషోత్తం గారూ, మీ చాకలి మూట విప్పి చూడండి."

మాసిన పంచెల మధ్య పుస్తకం దొరికింది.

తలుపు చాటున పురుషోత్తం భార్య సీతామహాలక్ష్మి గాజులు గలగలమన్నాయి.

"చిన్నప్పుడు ఇలాంటి ఇంటి పెరట్లో నిలబడి నాలుగేళ్ళు ట్యూషను చదివానండీ," అన్నాడు కృపావరం. "లోపలికి రానిచ్చేవారు కాదు. నాకు కనబడేది దండెమే. తెల్లారి ఒక మడిచీర ఆరేసేవారు. రోజుకి ఒకటే. ఇవాళ మీ దండెం మీద రెండున్నాయి. ఒకటి సగం ఆరింది. రెండోదాని అంచు ఇంకా నీళ్ళు కారుతోంది. మడిలో ఉండి తోలు ముట్టుకున్నవాళ్ళు మళ్ళీ తలారా పోసుకోకుండా పొయ్యి ముట్టుకోరు. ముట్టుకున్న తోలు వంటింట్లో దాచరు. మైల బట్టల్లోనే పెడతారు."

పురుషోత్తం తలుపు వైపు తిరిగాడు. "నువ్వా? ఎందుకు?"



"పక్కన పనిచేసేవాళ్ళకి రోజుకో మంచి మాట చెప్పమని మొదటి పేజీలోనే రాసుకున్నారు," అంది సీతామహాలక్ష్మి. "మీ కాగితాలు టైపు చేసే సరోజిని గారికి చెప్తారు. బంట్రోతుకీ చెప్తారు. పదకొండేళ్ళుగా వండుతున్నాను. కూర బాగుందని ఒక్కసారి అనలేదు. ఇవాళ ఇంకో వందమందికి చెప్పబోతున్నారు. వాళ్ళ మీద కడుపు మండిందండీ."

జనార్దనరావు తల దించుకున్నాడు. ఆ మంట ఆయనకు తెలిసిందే.

కృపావరం పెన్సిలు జేబులో పెట్టుకుని, రాసుకోవలసినదేమీ లేదన్నాడు.

 సభలో ఏనాడూ తడుముకోని పురుషోత్తం, చెప్పాల్సిన మాట కోసం అలవాటుకొద్దీ పుస్తకం తెరిచాడు.

"అందులో వెతక్కండి," అంది ఆవిడ. "మొత్తం చదివాను. నేను లేను."