లోపలికి ఏడుసార్లు, బయటికి సున్నా

రిజిస్ట్రీ గుమాస్తా చనిపోయి నలభై నిమిషాలు దాటినా శిల్పాల మ్యూజియంలో ఎవరూ గమనించలేదు. బెంచీ మీద గడ్డం ఛాతీకి ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. మెడలో మూడు రోజుల సిటీ మ్యూజియం పాస్ వేలాడుతోంది. ఆ పాస్ కొన్నవాళ్ళు ఎనిమిది మ్యూజియాలూ చూసి తీరాలని పంతం పడతారు. మధ్యాహ్నానికల్లా కాళ్ళు పీకి, దొరికిన బెంచీ మీద కునుకు తీస్తారు. గార్డులకు అది రోజూ చూసే భాగోతమే. ఇద్దరు టూరిస్టులు శవం పక్కనే కూర్చుని తాపీగా బిస్కెట్లు కూడా తిన్నారు.

చివరికి ఒక గార్డు భుజం తట్టి లేపబోతే గుమాస్తా పక్కకి ఒరిగాడు. చెవి వెనక ఆవగింజంత ఎర్రటి చుక్క ఉంది. చాలా సన్నటి సూది దిగిన గుర్తు.

గంట తర్వాత, బోర్డు లేని ఒక ఆఫీసులో పెద్దాయన తన మనిషికి బ్రీఫింగ్ ఇచ్చాడు. పెద్దాయన అంటే ఆ ఆఫీసుకి చీఫ్. గ్యాస్ ట్రబుల్ వల్ల రోజంతా సోడా బిస్కెట్లు కొరుకుతూ ఉంటాడు. మనుషుల చావుల గురించి కూడా అలా కొరుకుతూనే మాట్లాడతాడు. ఎదుట కూర్చున్నవాణ్ణి అందరూ మాస్టారు అంటారు. ఒకప్పుడు పదకొండు నెలలు హిస్టరీ పాఠాలు చెప్పాడు. ఆ తర్వాత పదిహేనేళ్ళుగా చేస్తున్న ఉద్యోగం గురించి మాత్రం ఎవరికీ చెప్పలేడు.

"ఎనిమిది పేర్లు," అన్నాడు పెద్దాయన. "సరిహద్దు అవతల మనకోసం పనిచేస్తున్నవాళ్ళు. మన రిజిస్ట్రీలో ఫైళ్ళు చూసే గుమాస్తా ఆ పేర్లున్న కాగితాన్ని ఫిల్మ్ తీసి ఎవరికో అమ్మేశాడు. కొన్నవాళ్ళు పని కాగానే సూది గుచ్చారు. ఫిల్మ్ ఇంకా ఊళ్ళోనే ఉంది. అవతలికి చేరితే అందరినీ గోడకి నిలబెట్టి కాల్చేస్తారు."

పెద్దాయన చొక్కా మీద పడ్డ బిస్కెట్ పొడి దులుపుకున్నాడు.

"నాలుగో పేరు ఎవరిదో తెలుసుగా?"

"మా అక్కది."

పెళ్ళయి అవతలికి వెళ్ళిన అక్క అక్కడి సైనిక ఆసుపత్రిలో నర్సు. ఆరేళ్ళ క్రితం ఆమెను ఈ పనిలోకి దింపింది మాస్టారే. దేశం కోసమని ఆమెకు చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. "నువ్వు అడుగుతున్నావా? అయితే సరేరా," అంది. ఆ ఒక్క మాట అతని గొంతులో ఆరేళ్ళుగా ముల్లులా ఉండిపోయింది.

"మీ అక్క ఉంది కాబట్టే ఈ కేసు నీకిస్తున్నాను," అన్నాడు పెద్దాయన. "ఇంకొకడైతే సాయంత్రం కాగానే గడియారం చూస్తాడు."

మర్నాటికి దారం కొస దొరికింది. దొరకబుచ్చుకున్నది ఆఫీసు డేటా అనలిస్టు. లక్ష వివరాలు పోసినా పనికొచ్చే నాలుగు గింజలు ఏరి ఇస్తుందని ఆమెకు జల్లెడ అని పేరు పెట్టారు.

"గుమాస్తా పోయిన టైములో శిల్పాల మ్యూజియంలో రెండొందల పన్నెండు పాస్‌లున్నాయి సార్," అంది జల్లెడ. "గేటు మెషీన్ లోపలికెళ్ళేటప్పుడు ఒకసారి, బయటికొచ్చేటప్పుడు ఒకసారి నంబరు రాసుకుంటుంది. ఒక మ్యూజియానికి ఒక్క ఎంట్రీయే. ఈ ఒక్క పాస్ చూడండి. రెండ్రోజుల్లో ఏడు మ్యూజియాలు. లోపలికి ఏడుసార్లు, బయటికి సున్నా. మెషీన్ లెక్క ప్రకారం ఈ మనిషి ఇప్పటికీ ఏడు చోట్లా ఉన్నట్టే."

"దయ్యమా?"

"కాదు సార్. స్టాఫ్ తలుపులోంచి బయటికొచ్చే అలవాటున్న మనిషి."

ఆ మనిషెవరో మాస్టారికి వెంటనే తెలిసిపోయింది. ఆ ఏడు మ్యూజియాలకీ స్టాఫ్ కార్డున్న మనిషి ఒక్కతే. పాత పెయింటింగులకు మరమ్మతు చేసే రెస్టోరర్. పెచ్చులూడిన రంగు కిందకి సన్నటి సూదితో జిగురు ఎక్కించడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. మూడేళ్ళుగా విదేశీ ముఠాలో ఉంటూ, వాళ్ళ కబుర్లు మాస్టారికి మోస్తున్న డబుల్ ఏజెంట్ కూడా ఆమే. రికార్డుల్లో ఆమె కోడ్ నేమ్ మేడమ్. ముఖం కనపడకుండా టూరిస్టులా పాస్ కొనుక్కుని లోపలికి వెళ్ళింది, బాగానే ఉంది. పని కాగానే పన్నెండేళ్ళ అలవాటు కాళ్ళను వెనక తలుపు వైపు లాక్కెళ్ళింది. అన్ని తెలివితేటలూ ఉన్న మనిషి అక్కడ తప్పులో కాలేసింది.

ఆమె చివరిగా వెళ్ళిన పింగాణీ మ్యూజియంలో సందర్శకుల పుస్తకం తిరగేశాడు మాస్టారు. అందరూ కప్పుల గురించి, సాసర్ల గురించి రాశారు. ఒకడు మాత్రం గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాడు: 'మ్యాపుల మ్యూజియంలో పెద్ద గ్లోబు దగ్గర వెలుతురు చాలదు. మూడో రోజు సాయంత్రం నాలుగున్నర దాటితే మరీను.' పింగాణీ చూడటానికొచ్చి మ్యాపుల మ్యూజియం మీద ఫిర్యాదు రాసే తిక్కవాడు ఎవడుంటాడు? ముఠా ఆమెను పుస్తకం నుంచి పుస్తకానికి తిప్పుతూ, వెనక ఎవరైనా పడుతున్నారేమో చూసుకుంటోంది. మిగిలింది ఎనిమిదో మ్యూజియం. అది ఒక ప్రైవేటు ట్రస్టుది. అక్కడ మేడమ్ ఏనాడూ పనిచేయలేదు, ఆమె స్టాఫ్ కార్డు చెల్లదు. తలుపు కూడా ఒకటే.

"అరెస్టు చేద్దామా?" అడిగాడు మాస్టారు.

"చేస్తే లిస్టు అసలైనదేనని వాళ్ళకి మనమే చెప్పినట్టు," అన్నాడు పెద్దాయన. "వాళ్ళ కొరియర్ ఆమె మొహం చూడలేదు, ఆమె అతని మొహం చూడలేదు. ఒకరికొకరు గ్లోబు దగ్గర చెప్పుకునే మాటే గుర్తు. కొరియర్ ఎదురుచూసి ఎదురుచూసి ఖాళీ చేతుల్తో పోవాలి. మేడమ్ మాట తప్పింది, మోసం చేసింది అనుకోవాలి."

"ఆవిడ కూతురు సరిహద్దు అవతల వాళ్ళ హాస్టల్లో ఉంది సార్, ఫిల్మ్ తెస్తే వదుల్తామని ఉంటారు. ఏడేళ్ళ పిల్ల. తల్లి మోసం చేసిందనుకుంటే ఆ పిల్లని ఏం చేస్తారో మీకు తెలుసు."

పెద్దాయన ఇంకో బిస్కెట్ తీశాడు. "నీకు అక్క కావాలా, ఆవిడ కూతురు కావాలా?"

మాస్టారు లేచాడు. టెక్నికల్ సెక్షన్‌కి వెళ్ళి ఒక తెల్ల కార్డు తెచ్చుకున్నాడు. జానెడు దూరంలో ఏ పాస్ ఉన్నా దాని నంబరు లాగేసుకునే కార్డు అది.

మూడో రోజు పొద్దున పదింటికి చిత్రాల గ్యాలరీ కెఫేలో ఇద్దరూ మామూలుగానే కలిశారు. మేడమ్ నల్ల కోటులో వచ్చింది. ఆమె నడుస్తుంటే గోడల మీది రాణుల్ని వదిలేసి జనం ఆమెనే చూశారు. బ్యాగు టేబుల్ మీద పెట్టింది. మాస్టారు న్యూస్‌పేపర్ మడిచి దాని పక్కన పెట్టాడు. కార్డు పేపర్ మడతలో ఉంది.

"గుమాస్తా ఎవరికిచ్చాడో ఏమైనా తెలిసిందా?" అడిగాడు.

"లేదు. కొత్త మనిషెవరో." ఆమె కాఫీ కలుపుతూనే ఉంది. "మా పాప సంగతి చెప్పండి."

"ఫైలు కదిలింది. వచ్చే నెల."

"మూడేళ్ళలో మీ వచ్చే నెలలు ముప్పై ఆరు అయ్యాయండీ." నవ్వడానికి ప్రయత్నించింది. "ముందుపళ్ళు రెండూ ఊడిపోయాయట. ఫోన్లో మాట తుస్సుతుస్సుమంటోంది. నేను చూసేలోపు కొత్తవి కూడా వచ్చేసేట్టున్నాయి."

పేపర్ మడతలో కార్డు ఒకసారి వణికింది. కాపీ అయిపోయింది. ఇక లేచి వెళ్ళిపోవచ్చు. కానీ ఆమె అతని కళ్ళలోకి చూసింది.

"ఒక్క నిజం చెప్పండి. తెస్తారా, తేలేరా? తేలేమంటే నేనేం అనుకోను. నా దారి నేను చూసుకుంటాను."

ఆ మాటలో ఆమె అడుగుతున్నది అతనికి పూర్తిగా అర్థమైంది. తేలేమని చెబితే ఫిల్మ్ తీసి టేబుల్ మీద పెట్టేదేమో. పెట్టకుండా పారిపోయేదేమో కూడా. ఆ 'ఏమో' మీద అక్క మెడ పందెం కాయడం అతని వల్ల కాలేదు.

"తెస్తాం," అన్నాడు. "నామీద నమ్మకం ఉంచండి."

సాయంత్రం నాలుగూ ఇరవై ఎనిమిదికి బట్టతల విగ్గు, లావు కళ్ళద్దాలు పెట్టుకుని మాస్టారు మ్యాపుల మ్యూజియం గేటు దగ్గర తెల్ల కార్డు చూపించాడు. పచ్చ లైటు వెలిగింది. మేడమ్‌కి మిగిలిన ఒకే ఒక్క ఎంట్రీ అతని చేతిలో ఖర్చయిపోయింది. రెండు నిమిషాల తర్వాత టికెట్ కౌంటర్‌కి షట్టర్ దించేశారు. మూసే టైముకి అరగంట ముందు టికెట్లు ఆపేయడం ఆ ఊరి మ్యూజియాలన్నిటిలో రూలు.

హాల్లో పెద్ద గ్లోబు పక్కన ఒక పెద్దమనిషి గొడుగు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. దేన్నీ చూడటం లేదు, మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాడు. అతనే కొరియర్.

నాలుగూ నలభైకి మేడమ్ వచ్చింది. పాస్ పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎరుపే.

"ఇది ఇందాకే వాడేశారమ్మా," అంది గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నావిడ.

"నేను ఇప్పుడే కదండీ వచ్చాను."

"మెషీన్ వాడారనే అంటోంది. ఒక్కసారికే పనికొస్తుంది."

"టికెట్ ఇవ్వండి పోనీ."

"కౌంటర్ కట్టేశారు. రేపు రండి."

"రేపటికి నాకు కుదరదండీ. ఒక్క ఐదు నిమిషాలు. మీకు పిల్లలున్నారా?"

"ముగ్గురున్నారు. అందుకే ఉద్యోగం పోగొట్టుకోలేను."

పదిహేను నిమిషాలు బతిమాలింది. గాజు తలుపు ఇవతల నిలబడి మాస్టారు అంతా విన్నాడు. పెదవులకి వేసుకున్న రంగు తప్ప ఆమె మొహంలో ఇంకే రంగూ మిగల్లేదు. వెళ్ళి నిజం చెప్పేయమని అతని మనసు పీకింది. అక్క గుర్తొచ్చింది. కదల్లేదు.

ఐదుకి గంట మోగింది. జనం బయటికి రావడం మొదలుపెట్టారు. అప్పుడు మేడమ్ ఆ వృత్తిలో ఎవరూ చేయని పని చేసింది. మెట్ల మీద నిలబడి, బయటికొచ్చే ఒక్కొక్కరికీ అడ్డంపడి కోడ్ మాట చెప్పడం మొదలుపెట్టింది.

"గ్లోబు దగ్గర వెలుతురు చాలదు కదండీ?"

ఒక ముసలాయన బానే ఉందమ్మా అన్నాడు. ఒక జంట తప్పుకుని వెళ్ళిపోయింది. ఆ వెనకే గొడుగు మనిషి తలుపు దాటాడు. మేడమ్ అతని వైపు తిరిగింది.

"గ్లోబు దగ్గ..."

"ఎక్కడికి పోయావే? గంట నుంచీ వెతుకుతున్నా," అంటూ మాస్టారు ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఊళ్ళో ఉన్న బొమ్మలన్నీ నువ్వే చూడాలా? పద, కాళ్ళు పడిపోతున్నాయి."

గొడుగు మనిషి ఆగి ఇద్దరినీ చూశాడు. మూడు రోజుల పాస్ కొన్న మొగుడూ పెళ్ళాలు మూడో రోజు సాయంత్రం ఎలా ఉంటారో అలాగే ఉన్నారు. పాపం అన్నట్టు నవ్వి, మెట్లు దిగి, మలుపు తిరిగి కనబడకుండా పోయాడు.

విగ్గు కింద ఎవరున్నారో మేడమ్‌కి అప్పుడు తెలిసింది. అరవలేదు. కోటు గుండీ వెనక నుంచి గోరంత ఫిల్మ్ తీసి అతని అరచేతిలో పెట్టింది.

"ఇంక నాకెందుకిది," అంది. "ఇందులో మీవాళ్ళెవరైనా ఉన్నారా?"

"మా అక్క."

"చల్లగా ఉండాలి మీ అక్క," అంది మేడమ్. అందులో వెటకారం లేదు. ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది. ఆఫీసు కారు వచ్చి ఆమెను ఎక్కించుకుపోయింది.

ఆరింటికి మాస్టారు ఫిల్మ్‌ని వ్యూయర్‌లో పెట్టి పేర్లు చదివాడు. నాలుగో పేరు ఎవరో ఇంజినీరుది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. ఏడే ఉన్నాయి.

"ఎనిమిదన్నారు కదా సార్."

"మార్చి దాకా ఎనిమిదే," అన్నాడు పెద్దాయన. "మార్చిలో మీ అక్క దొరికిపోయింది. రెండో రోజుకే ప్రాణం పోయిందట. ఒక్క పేరు కూడా బయటపెట్టలేదు. గొప్ప మనిషి."

మాస్టారు వ్యూయర్ లైటు ఆర్పేశాడు. మార్చి నుంచి నవంబరు దాకా ఆమె బతికే ఉందనుకుని అతను తిన్నాడు, నిద్రపోయాడు. లేని మనిషిని కాపాడటానికి ఉన్న పిల్లని ఇచ్చేసి వచ్చాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏడుగురు పరాయివాళ్ళ కోసమైతే ఆ మెట్ల మీద అలా దూకేవాడివా?" పెద్దాయన అతని జవాబు కోసం నిజంగానే ఎదురుచూశాడు. రాలేదు. "చూశావా. ఏడుగురూ క్షేమం. ఆ పిల్ల సంగతంటావా, మన పిల్ల కాదు. వెళ్ళి నాలుగు రోజులు రెస్టు తీసుకో."

మాస్టారు సెలవు ఫారం నింపాడు. కారణం అన్న చోట 'సోదరి మరణం' అని రాసి సంతకం చేశాడు. ఆత్మీయులు పోయినప్పుడు ఇచ్చే సెలవు పదిహేను రోజుల్లోపు వాడుకోవాలని, ఎనిమిది నెలల ఆలస్యానికి సరైన కారణం కనబడనందున మంజూరు చేయడం వీలుకాదని మూడో రోజున పెద్దాయన సంతకంతో జవాబు వచ్చింది.