రెజ్యూమెలో ఒక ఖాళీ ఏడాది

"ఈ పూట నేనెవర్ని సార్?"

"హెచ్.ఆర్. కన్సల్టెంట్‌వి. బట్టతల, బంగారు ఫ్రేము కళ్ళజోడు." చీఫ్ రబ్బరు బట్టతలని టేబుల్ మీద అతని ముందుకు నెట్టాడు.

ఎంతసేపైనా కదలకుండా కాచుకోగలడని డిపార్ట్‌మెంటులో అతన్ని కొంగ అంటారు.

"నీళ్ళ సరఫరా కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ పోస్టు. ముగ్గురు మిగిలారు. ఒకడు విదేశీ ముఠా మనిషి. వాడొక్క పెన్‌డ్రైవ్ గుచ్చాడంటే క్లోరిన్ వాల్వులు వాళ్ళ చేతిలోకి పోతాయి. ఊరంతా తాగే నీళ్ళు."

"ఇంటర్వ్యూలు ఆపేస్తే?"

"ముఠా జారుకుంటుంది. పైగా మన ఆఫీసులోనే వాళ్ళకి ఎవరో సాయం చేస్తున్నారు. మనిషి దొరికితే 'వానొచ్చేలా ఉంది' అను. సాయం చేసేవాళ్ళు కూడా తెలిస్తే 'గొడుగుంది' అను. ఇంట్లో కూడా నోరు విప్పకు."

ఇంట్లో అనగానే కొంగ మొహం వెలిగిపోయింది. ఇల్లంటే అతని భార్య. ఆమె ఇదే ఆఫీసు కవర్ డెస్కులో కూర్చుని ఏజెంట్లకు దొంగ బతుకులు రాసిపెడుతుంది: డిగ్రీలు, ఉద్యోగాలు, రెజ్యూమెలు. పెళ్ళయి ఇంకా కొత్త బీరువా వార్నిష్ వాసన కూడా పోలేదు. ఒకే మగ్గులో రెండు బ్రష్షులు ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయని అతనికి రోజూ పొద్దున్నే నవ్వొచ్చేది. గోడగడియారం అద్దం మీద, అతను ఇంటికి వచ్చే వేళ దగ్గర, ఆమె ఎర్ర గోళ్ళరంగుతో ఒక చుక్క పెట్టింది. ఆ చుక్క కోసమే అతను పరిగెత్తి వచ్చేవాడు.

ఆ పొద్దున అతని చొక్కాకి మైకు బొత్తాం కుట్టిందీ ఆమే.

"కదలకండి, సూది గుచ్చుకుంటుంది."

"గుచ్చుకోనీ."

"అబ్బో! గూఢచారిగారు మరీ ఇదైపోతున్నారు," అని దారం పళ్ళతో కొరికింది.

వాటర్ వర్క్స్ ఆఫీసులో మేనేజరు మూడు రెజ్యూమెలు ముందు పెట్టాడు. మొదటిది నాలుగు పేజీలు. తాతగారి పేరు, ఆటలపోటీల కప్పులు, అన్నీ ఉన్నాయి. చేసిన పని మాత్రం ఎక్కడుందో వెతుక్కోవాలి. రెండోది రంగురంగుల పెళ్ళిశుభలేఖలా ఉంది. రానిదంటూ ఏదీ లేదట పాపం, ఈతతో సహా.

మూడోది ఒక్క పేజీ. ప్రకటనలో ఏమడిగారో అదే పై వరసలో ఉంది. ప్రతి ఉద్యోగం కిందా ఏ పనులు చూసుకున్నాడో కాక, ఏం సాధించాడో రాసి ఉంది. చదువుతుంటే కొంగకి ఆమె గొంతే వినపడింది. "ఖాళీ సంవత్సరాన్ని దాచకూడదండీ. దాస్తే చదివేవాళ్ళే ఏదో ఒకటి ఊహించుకుంటారు. ఒక నిజమైన ముక్క రాస్తే చాలు, మిగతాదంతా నమ్మేస్తారు."

ఆ రెజ్యూమెలోనూ ఒక ఖాళీ ఏడాది ఉంది. దాని పక్కన:

'అమ్మ మంచాన పడింది. మందుల వేళలు తప్పకుండా గోడగడియారం అద్దం మీద గోళ్ళరంగుతో చుక్కలు పెట్టాను. డ్యూటీ అంటే ఏమిటో ఆ చుక్కలే నేర్పాయి.'

కొంగ మళ్ళీ చదివాడు. ఆ గడియారం తనది. ఆ అమ్మ తనది. ఈ సంగతి అతను జీవితంలో చెప్పింది ఒక్కరికే. చెప్పిననాడు ఆమె అతని తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

"ఈ మూడో అతనేడీ?" కొంగ కాగితంతో సహా లేచాడు.

"ప్రాక్టికల్ టెస్టుకి లోపలికి పంపించానుగా," అన్నాడు మేనేజరు.

కొంగ పరిగెత్తాడు. పరిగెడుతూనే ఆమె కుట్టిన బొత్తాం మీదికి మొహం వంచాడు.

"వానొచ్చేలా ఉంది."

"గొడుగుందా?" చెవిలో చీఫ్.

నోరు విప్పకపోతే ఆమె తనకే ఉంటుంది. మరి ఇంకోసారి ఎవరి అమ్మని వాడుకుంటుంది?

"ఉంది సార్. మా ఇంట్లోదే."

కంట్రోల్ రూమ్ తలుపు తన్నాడు. పెన్‌డ్రైవ్ మొన స్లాటుకి తగిలింది. కొంగ జేబులో పెన్ను తీసి గురిపెట్టి నొక్కాడు. మత్తు సూది అభ్యర్థి మెడలో దిగింది. వాడు కీబోర్డు మీద వాలిపోయాడు. పెన్‌డ్రైవ్ కుర్చీ కిందికి దొర్లింది.

సాయంత్రం ఆమెని ఇద్దరు గార్డుల మధ్య ఆఫీసు వరండాలోకి తెచ్చారు.

"పెళ్ళి కూడా కవరేనా?" అడిగాడు.

"మొదట్లో."

"తర్వాత?"

ఆమె అతని బట్టతల అంచు ఊడుతుంటే బొటనవేలితో నొక్కి సరిచేసింది.

"ఇంకేదైనా రాయాల్సింది," అన్నాడు. "అబద్ధాలకి కరువా నీకు?"

"ఆ ఖాళీలో ఎన్నో రాసి కొట్టేశానండీ. అంతకంటే నిజమైంది నా దగ్గర లేదు."

జీపు తలుపు మూసుకుంది.

చీఫ్ భుజం మీద చెయ్యి వేశాడు. "నీ కవర్లన్నీ పాడైపోయాయి. కొత్త రెజ్యూమె నువ్వే రాసుకోవాలి. డెస్కులో ఎవరూ లేరు."

ఇంట్లో మగ్గులో రెండు బ్రష్షులూ అలాగే ఉన్నాయి. గడియారం ముల్లు చుక్క దాటిపోయింది. కొంగ కాగితం తీసి, పెళ్ళినాటి నుంచి నేటిదాకా ఉన్న ఖాళీ దగ్గర ఆగాడు. ఖాళీ దాచకూడదు. అందుకని ఒక నిజమైన ముక్క రాశాడు:

'సంసారం చేశాను. చాలా సంతోషంగా ఉన్నాను. రిఫరెన్సు ఇవ్వాల్సిన వ్యక్తి ప్రస్తుతం ప్రభుత్వ అతిథి.'