ముప్పై అడుగులు దాటిన మనిషి

కోర్టు ఆవరణలో ఖాళీ ఆటో వెళ్లి, అచ్చం మనిషి ఒంటిలా చేసిన రబ్బరు బొమ్మను గుద్దింది. గుద్దగానే మూడు చక్రాలూ బిగుసుకుపోయాయి. నలుగురు కానిస్టేబుళ్లు నెట్టినా అంగుళం కదల్లేదు.

"చూశారుగా సార్. ఇక పారిపోవడం కుదరదు," అంది డాక్టర్ వకుళ జడ్జితో. ఆ యంత్రం ఆమె కనిపెట్టిందే.

దాని అసలు పేరు స్థాణు యూనిట్. గుంటూరు జనం 'మేకు' అంటారు. తగిలింది మనిషా, గోడా అని బంపర్‌లోని సెన్సర్ పసిగడుతుంది. మనిషైతే చక్రాలకు తాళం పడుతుంది. ఆపైన డ్రైవర్ మణికట్టుకున్న లైసెన్స్ పట్టీ కాపలా కాస్తుంది. పోలీసులు రాకముందే బండి నుంచి ముప్పై అడుగులు దాటితే పరారీ. పరారీకి ఐదేళ్ల జైలు. తగ్గించే అధికారం జడ్జికీ లేదు. వకుళ అన్నయ్యను గుద్ది పోయిన లారీ ఈనాటికీ దొరకలేదు. ఆ కోపంలోంచి పుట్టిందీ యంత్రం. కోపం న్యాయమైనదే. కానీ కోపానికి ముందుచూపు ఉంటుందని ఎవరన్నారు?

వరండాలో కానిస్టేబుల్ పక్కన కూర్చున్న ముద్దాయి పేరు నాగూర్‌బీ. షేర్ ఆటో తోలుతుంది. మిర్చి యార్డు గేటు దగ్గర ఆమె ఆటో సాంబ్రాజ్యాన్ని గుద్దింది. సాంబ్రాజ్యం యార్డులో మిరపకాయల తొడిమలు తీసే ముసలామె. ఆటోకి మేకు పడింది. ఇరుకు రోడ్డుకు అడ్డంగా ఆటో, దాని వెనక లారీలు, వాటి వెనక ఎక్కడో అరుస్తూ అంబులెన్సు. నాగూర్‌బీ ముసలామెను భుజానేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

"ఇది చేసింది నువ్వేనా అమ్మా?" నాగూర్‌బీ పట్టీ చూపించింది. "గుద్దింది నేనే. దానికేం శిక్ష వేసినా పడతా. పారిపోయానంటే మాత్రం ఒళ్లు మండుతోంది. పారిపోయేదాన్నైతే అంత బరువు మోసుకుపోతానా?"

"యంత్రానికి దూరమే తెలుసు," అంది వకుళ మెల్లగా.

"నీకు తెలుసుగా! ఆసుపత్రికైతే పోవచ్చని పెట్టలేకపోయావా?"

"పెడదామన్నారు. దొరికిన ప్రతివాడూ ఆసుపత్రి పేరే చెప్తాడని నేనే వద్దన్నాను."

"బాగుంది! మొన్నొక కారాయన పిల్లాణ్ని గుద్ది, ఏసీ వేసుకుని బుద్ధిగా కూర్చున్నాడు. పిల్లాడు పోయాడు. ఆయన పరారీ కాలేదని పోలీసులు మెచ్చుకున్నారంట. నీ మేకు నా ఆటోకి పడలేదమ్మా, జనం కాళ్లకి పడింది."

వకుళకు ఒక్క ఆశ మాత్రం ఉంది. పరారీ నేరం రుజువు కావాలంటే పట్టీ రికార్డుతో పాటు కళ్లారా చూసిన సాక్షి ఒకరుండాలి. యార్డు జనమంతా ఒకే మాట మీద నిలబడ్డారు, మేమేం చూడలేదని. ఆటో వైపే చూడలేదన్నారు, ఆటో మీద చెయ్యేసి నిలబడ్డవాళ్లు కూడా.

మధ్యాహ్నం ప్రభుత్వ వకీలు ఆఖరి సాక్షిని పిలిపించాడు. సాంబ్రాజ్యం. ఆసుపత్రి నుంచి పోలీసులు నేరుగా తీసుకొచ్చారు. చేతికర్రతో కుంటుకుంటూ వచ్చి, నాగూర్‌బీని చూసి నోరారా నవ్వింది.

"గుద్దాక ఈమె ఏం చేసింది?" అడిగాడు వకీలు.

"ఏం చేసిందా? నాకు మళ్లీ పుట్టుక ఇచ్చిందయ్యా! అందరూ గుడ్లప్పగించి చూస్తుంటే, నన్ను భుజానేసుకుని పెద్దాసుపత్రి దాకా ఒకటే పరుగు."

"పోలీసులు వచ్చేదాకా ఆగలేదా?"

"ఒక్క క్షణం ఆగితే ఒట్టు! ఆగుంటే నేనుందునా?"

"చాలండి," అని వకీలు కూర్చున్నాడు.

వకుళ లేచి నిలబడింది. "సార్, ఆ ముప్పై అడుగులు పెట్టింది నేను..."

"మీ సాక్ష్యం అయిపోయింది. కూర్చోండి," అన్నాడు జడ్జి.

ఆయన తలెత్తకుండా రాస్తున్నాడు. సాంబ్రాజ్యం దిగి వస్తూ ముద్దాయి బోను దగ్గర ఆగి, నాగూర్‌బీ చెయ్యి పట్టుకుంది.

"అంతా సరిగ్గా చెప్పానా తల్లీ? ఏమన్నా మర్చిపోయానా?"

నాగూర్‌బీ జడ్జి కలం వంక చూసింది.

"ఏమీ మర్చిపోలేదు పెద్దమ్మా," అంది.