పేరు మార్చని మనిషి

కోళ్ళను వదలాలి, ఇప్పపువ్వు ఎండలో ఆరబోయాలి, జొన్నగటక వండాలి, మొగుడు జంపయ్య చొక్కాకు కుట్టు వెయ్యాలి, బోరింగు దగ్గర గుంపు పెరగకముందే నీళ్ళు తేవాలి. చిన్నక్కకు ఆ ఉదయం ఉన్న పనులివి. కానీ బోరింగు దాకా వెళ్ళిన మనిషి ఖాళీ బిందెతో తిరిగొచ్చింది.

"సుజాతా, ఏం రాసినవే నువ్వు? అందరు ఫోన్ చూస్తున్నరు. నేను పోంగనే గప్‌చుప్ అయిండ్రు. నా నోటి దిక్కు చూసిండ్రు."

కూతురు సుజాత ఎం.ఏ. తెలుగు చదువుతోంది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. మీకు తెలిసిన బతుకునే కథగా రాయండని సార్ చెబితే రాసింది. బాగుందని యూనివర్సిటీ వాళ్ళు ఇంటర్నెట్‌లో పెట్టారు, సంచికలో అచ్చు వేస్తామన్నారు. సెలవులకు ములకలపల్లి దగ్గరి తమ ఊరికి వచ్చిన సుజాత, సంతోషం పట్టలేక నిన్న ఊరి వాట్సాప్ గ్రూపులో పంచుకుంది.

ఆ కథలో పిల్లలకు జ్వరాలొస్తే ఊరు ఒక ఆడమనిషిని మంత్రగత్తె అంటుంది. రాటకు కట్టేసి ముందుపళ్ళు ఊడగొడుతుంది.

"పేర్లన్నీ మార్చినమ్మా. ఊరి పేరు గూడ రాయలె."

"పళ్ళు మార్చినవా?"

సుజాత తల్లి బోసినోటి వైపు చూసింది.

జంపయ్య లేచాడు. "ఆ ఊరు ఇడిసి, అడవిబడి నడిచి ఈడికొచ్చినం. బాయి మెట్ల మీద పడి పళ్ళు పోయినయని చెప్పుకుంట బతికినం. తల్లిని బజార్ల నిలబెట్టే సదువా నీది?"

"సార్ నిజం రాయమన్నడు నాయినా."

"సార్‌కేంది! ఆయన ఇంటి మీదికి వస్తరా? పక్కింటి శారద బిడ్డకు మొన్నటి సంది జరం. ఇప్పుడు ఎవరి మీద పడతరనుకున్నవ్?"

అప్పుడు అర్థమైంది సుజాతకు. "అచ్చుకు పోలేదింకా. వద్దని చెప్తా, తీసేయమంటా" అంటూ ఫోన్ అందుకుంది. కానీ ఊరు చదివేసింది కదా.

చిన్నక్క గడియ పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మూలకు ఒదిగింది. ఇంతలో బయట అడుగుల చప్పుడు. తలుపు దబదబా మోగింది.

"వదినా! తలుపు తియ్!" శారద గొంతు.

"తియ్యకే" అని గుసగుసలాడింది చిన్నక్క. జంపయ్య చెయ్యి గొడ్డలి మీదికి పోయింది.

"లోపలున్నవని నాకు తెలుసు! జల్దీ తియ్!"

"రాసింది నేను. అడిగేదేదో నన్నే అడగనీ" అంటూ సుజాత గడియ తీసింది.

శారద ఒక్కతే ఉంది. భుజం మీద పాప.

"పట్టపగలు గడియేంది? పోరి ఒళ్ళు కాలిపోతుంది. మా ఆయన పనికి పోయిండు. ఆటో వచ్చింది, దవాఖానాకు నాతోని రా వదినా."

చిన్నక్క కదల్లేదు. "కథ సదివినవా?"

"అవ్, సదివిన. బోసినోటి పెళ్ళికూతురని నిన్ను చూసి ఎన్నిసార్లు నవ్విన! బోరింగు కాడ నీ మొకం చూడబుద్ధి గాలె. సిగ్గయింది. పట్టుకో" అని పాపను ఆమె ఒళ్ళో పెట్టేసింది.

వెంట సుజాత కూడా ఆటో ఎక్కింది. దారంతా చిన్నక్క పాపను వదల్లేదు. సూది వేసి, భయం లేదని డాక్టర్ చెప్పాక, దవాఖానా వరండాలో కూతురి చెయ్యి పట్టుకుంది.

"కొట్టినోళ్ళందరిని రాసినవ్. తాడు కోసినాయన ఏడి?"

"ఎవరమ్మా?"

"పగిడయ్య. అందరు చూస్తుండంగనే కొడవలితోని తాడు కోసిండు. ఆయనను గూడ ఊర్ల ఉండనియ్యలె. పేరు బయటికొస్తే ఇంకేం చేస్తరోనని నీకు సుత చెప్పలె. పోయినేడు సచ్చిపోయిండంట." కళ్ళు తుడుచుకుంది.

సుజాత ఏడుస్తూ అడిగింది. "కథ తీసేయమననా అమ్మా?"

"వద్దు. ఆయనను పెట్టి అచ్చెయ్యమను."

సుజాత అక్కడే కూర్చుని రాసి సార్‌కు పంపింది. ఆ కథ ఇప్పుడిలా ముగుస్తుంది:

ఇందులో పేర్లన్నీ మార్చాను, ఒక్కటి తప్ప. అంతమంది నిలబడి చూస్తుండగా ముందుకొచ్చి తాడు కోసింది పగిడయ్య. చదివినవాళ్ళు ఆయన్ని గుర్తుపెట్టుకోండి.