కాపలాకి వచ్చిన చెల్లెలు

చలికాలం వచ్చిందంటే ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు నిద్ర లేచేది పెద్దమ్మాయి చూపుడువేలు. ఆ వేలికి సూది గుచ్చి, చుక్క రక్తం తీసి, షుగర్ ఎంతుందో మీటర్‌లో చూస్తే గానీ పొయ్యి వెలగదు, పాలు కాగవు. దుప్పటి ముసుగులోంచి పెద్దమ్మాయి చెయ్యి బయటికి చాపుతుంది, అమ్మ దాన్ని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని గబగబా రుద్దుతుంది.

"ఏమే, చేతులా మంచుగడ్డలా ఇవి? రక్తం ఎక్కణ్ణించి వస్తుంది?"

"అమ్మా, నాకు పందొమ్మిదేళ్ళు. నా వేలు నేను గుచ్చుకోగలను."

"గుచ్చుకుందువుగాని, ముందు ఇలా పట్టు." అమ్మ మీటర్ చూసి గట్టిగా చదివింది. "నూట ముప్పై."

డ్యూటీకి బయలుదేరుతూ బూట్ల తాళ్ళు కట్టుకుంటున్న నాన్న అక్కణ్ణించే, "పాసైంది మా అమ్మాయి!" అని కేక పెట్టాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. రోజూ పొద్దున్నే పరీక్షా ఫలితాలు వచ్చినట్టు ఆ కేక పెట్టకపోతే ఆయనకి బస్సు స్టార్ట్ కాదని అమ్మ వెక్కిరిస్తుంది. అమ్మ ఆసుపత్రి వంటగదిలో పనిచేస్తుంది. పెద్దమ్మాయి తినే రొట్టెముక్క, తాగే పాలు అమ్మ కంటితోనే తూచేస్తుంది.

బల్ల దగ్గర చిన్నమ్మాయి అప్పటికే మూడో రొట్టెముక్కకి జామ్ రాస్తోంది. రాయడం కూడా కాదు, మెత్తుతోంది. పెద్దమ్మాయికి అది చూస్తే ఒళ్ళు మండింది. ఆకలేస్తే తినడం, చాలనిపిస్తే మానేయడం, చెయ్యి కడుక్కుని పరుగెత్తడం. ఎంత హాయి! తనకి ఒక్క ముక్క ఎక్కువ తినాలన్నా లెక్కే, తిన్నందుకు ఒక సూదే. పదహారేళ్ళ ఈ పిల్ల తింటున్నదీ అరాయించుకుంటున్నదీ తన వాటానే అనిపించింది.

"సంచిలో గ్లూకోజ్ పొడి పెట్టుకున్నావా? జ్యూస్ డబ్బా?" అమ్మ చిన్నమ్మాయిని అడిగింది.

"పెట్టుకున్నా. కానీ అమ్మా, ఇవాళ సెలెక్షన్ మ్యాచ్. నేనూ ఆడుతున్నాను."

"ఆడు, వద్దన్నదెవరు? ఒక కన్ను అక్క మీద వేసి ఆడు."

"రెండోది బంతి మీద వెయ్యి తల్లీ," అన్నాడు నాన్న గుమ్మం దాటుతూ. "మూడోది ఉంటే నా బస్సుకి అద్దంలా వాడుకుంటాను."

అందరూ నవ్వారు, పెద్దమ్మాయి తప్ప.

అసలు చిన్నమ్మాయికి హాకీ ఎలా అంటుకుందో చెప్పాలి. పెద్దమ్మాయికి పన్నెండో ఏట షుగర్ వచ్చింది. రోజూ ఇన్సులిన్ పొడుచుకుంటే గానీ బతుకు లేని రకం షుగర్ అది. డాక్టరు మాత్రం అప్పటికే ఆడుతున్న హాకీ మానొద్దన్నాడు. అమ్మ ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది, చెల్లెల్ని వెంట తీసుకెళ్ళాలని. ఆటలో షుగర్ పడిపోతే కాళ్ళూచేతులూ వణుకుతాయి, చెమటలు పోస్తాయి, మాట తడబడుతుంది. అప్పుడు అరవడానికి ఓపిక ఉండదు కాబట్టి అమ్మే ఒక గుర్తు పెట్టింది. పెద్దమ్మాయి స్టిక్‌ని రెండు చేతులతో తల మీదికి అడ్డంగా ఎత్తాలి. ఎత్తిందంటే చిన్నమ్మాయి గ్లూకోజ్ పట్టుకుని పరుగెత్తాలి. "ఆ స్టిక్ లేచిందంటే ఇంకేం చూడకు, ఎవరేం అన్నా ఆగకు," అని తొమ్మిదేళ్ళ పిల్ల చేత ఒట్టు వేయించుకుంది.

అలా చిన్నమ్మాయి గ్రౌండ్ పక్క బెంచీ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని పెరిగింది. జట్టులో అందరూ దాన్ని 'గ్లూకోజ్' అనే పిలిచేవాళ్ళు. చలికాలం ఆ బెంచీ మీద కూర్చోవడం అంత తేలిక కాదు. కదలకపోతే పళ్ళు టకటకలాడతాయి. ఒళ్ళు వేడెక్కడం కోసం ఎవరిదో విరిగిన స్టిక్ తీసుకుని రాళ్ళని కొట్టడం మొదలుపెట్టింది. తర్వాత పాత బంతి. ఒకరోజు సాయంత్రం ఒక మనిషి తక్కువైతే కోచ్ మేడం, "ఏయ్ గ్లూకోజ్, ఊరికే గెంతుతున్నావుగా, లోపలికి రా," అంది. లోపలికి వెళ్ళిన పిల్ల మళ్ళీ బయటికి రాలేదు.

ఇప్పుడేమైంది? మూడు చలికాలాలుగా పెద్దమ్మాయి ఆడుతున్న, ముందుండి గోల్స్ కొట్టే ఫార్వర్డ్ చోటు ఒక్కటే టోర్నమెంట్ జట్టులో మిగిలింది. దానికి పోటీ సొంత చెల్లెలు. నా రోగానికి కాపలా అని వచ్చి నా ఆటే పట్టుకుపోతోంది అనుకుంది పెద్దమ్మాయి. రోగం ఎలాగూ తనదే, దాన్లో వాటా ఎవరూ అడగరు. ఉన్న ఒక్క ఆటకి కూడా వాటాదారా?

ఆ సాయంత్రం గ్రౌండ్ అంతా పొగమంచు. అక్కచెల్లెళ్ళు చెరో పక్షంలో ఆడుతున్నారు. పెద్దమ్మాయి ఆటకి ముందు వేలు గుచ్చి చూసుకుంది. షుగర్ బాగానే ఉంది. ఒంట్లో ఓపికా ఉంది. అయినా చిన్నమ్మాయి బంతి తీసుకుంటే ఆమె కళ్ళు బంతిని వదిలేసి దాని కాళ్ళనే చూస్తున్నాయి. ఆ కాళ్ళకి బరువు లేదు.

ఆట సగం దాటాక చిన్నమ్మాయి మధ్యలో బంతి అందుకుని ఒకరిని తప్పించింది, ఇంకొకరిని తప్పించింది. ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కతే. కోచ్ మేడం కుర్చీలోంచి లేచి నిలబడింది. మూడేళ్ళలో పెద్దమ్మాయి ఎన్ని గోల్స్ కొట్టినా ఆవిడ కుర్చీలోంచి లేచింది లేదు. పెద్దమ్మాయికి ఏం చేస్తోందో తెలుస్తూనే ఉంది. తెలిసే, స్టిక్‌ని రెండు చేతులతో తల మీదికి అడ్డంగా ఎత్తి, ఉన్నచోటే చతికిలబడింది.

చిన్నమ్మాయి ఓరకంట చూసింది. బంతిని అక్కడే వదిలేసింది. "కొట్టవే! కొట్టు!" అని జట్టు మొత్తం అరుస్తున్నా వినకుండా బెంచీ దగ్గరికి పరుగెత్తి, సంచి లాక్కుని, అక్క ముందు మోకాళ్ళ మీద కూలబడింది. ఒక చేత్తో అక్క చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో, పళ్ళతో గ్లూకోజ్ ప్యాకెట్ చింపింది. ఒక్క క్షణం అక్క మొహంలోకి చూసింది. తర్వాత పొడి నోట్లో పోసింది, జ్యూస్ తాగించింది. పెద్దమ్మాయి గుటకలు మింగింది, అంతకంటే వేరే దారి లేదు కనక.

కాసేపటికి పెద్దమ్మాయి లేచి ఆడింది, ఒక గోల్ కూడా కొట్టింది. ఆట అయ్యాక కోచ్ మేడం చిన్నమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది.

"నీ ఆటకి వంక పెట్టలేను. కానీ మీ అక్క ఉన్నచోట నీ మనసు బంతి మీద ఉండదు. టోర్నమెంట్‌లో ఇలా వదిలేస్తే జట్టు మునుగుతుంది. ఈసారికి మీ అక్కే ఆడుతుంది."

"సరే మేడం," అంది చిన్నమ్మాయి. దారి పొడుగునా సంచి అదే మోసింది.

కోరుకున్నది చేతికొచ్చింది. మరి పెద్దమ్మాయికి సంతోషం రావాలి కదా? రాలేదు సరికదా, నోరు పిడచకట్టుకుపోయి తల దిమ్మెక్కింది. అవసరం లేకుండా తిన్న గ్లూకోజ్ ఊరుకుంటుందా!

రాత్రి భోజనాల ముందు అమ్మ పెద్దమ్మాయి వేలు గుచ్చింది. మీటర్ చూసి ఉలిక్కిపడింది.

"మూడు వందల పది! ఏం తిన్నావే?"

పెద్దమ్మాయి నోరు తెరిచేలోపు చిన్నమ్మాయి అంది. "గ్రౌండ్‌లో షుగర్ పడిపోయిందమ్మా. గ్లూకోజ్ ఇచ్చాను."

"పడిపోయింది సరే, ఎంత పోశావు? ఇన్నేళ్ళొచ్చాయి, కొలత తెలీదూ? ఆట ధ్యాసలో పడి డబ్బాకి డబ్బా ఒంపేసుంటావు. దాని ప్రాణంతో ఆటలా నీకు?"

"కంగారులో ఎక్కువైందమ్మా. తప్పయిపోయింది."

"తప్పయిపోయిందిట! ఇందుకా నిన్ను ఆడనిచ్చింది? నీ పని ఏంటి, నువ్వు చేస్తున్నది ఏంటి?"

"పోనీలేవే," అన్నాడు నాన్న. "పిల్ల కదా."

"పిల్లేం కాదు. దాన్ని నమ్మే కదా నేను పొద్దున్నే పనికి పోతున్నాను!"

చిన్నమ్మాయి తల వంచుకుని కంచంలో మెతుకులు కెలుకుతోంది. ఒక్క చుక్క కన్నీరు కూడా లేదు. పెద్దమ్మాయి అదే భరించలేకపోయింది. ఏడిస్తే ఓదార్చవచ్చు, తిడితే తిట్టవచ్చు. ఇలా మాటలు పడుతూ కూర్చునే మనిషిని ఏం చెయ్యాలి?

"ఏమే, నోరు లేదా నీకు?" అని అరిచింది పెద్దమ్మాయి. "కొలిచే ఇచ్చానని చెప్పొచ్చుగా!"

"నువ్వు ఊరుకో అక్కా."

"ఎందుకూరుకోవాలి? అమ్మా, అది సరిగ్గానే ఇచ్చింది. అసలు నాకు షుగర్ పడలేదు. ఊరికే స్టిక్ ఎత్తాను."

నాన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఊరికే అంటే?" అంది అమ్మ.

"ఊరికే అంటే ఊరికే! అది గోల్ కొట్టబోతోంది. కొడితే నా చోటు పోతుంది. ఓర్వలేకపోయాను. చాలా? నాకు కుళ్ళు! అది తింటే కుళ్ళు, పరుగెత్తితే కుళ్ళు, దాని కోసం మేడం లేచి నిలబడితే కుళ్ళు!" అని పెద్దమ్మాయి చెల్లెలి వైపు తిరిగింది. "తిట్టు. ఇప్పుడైనా తిట్టు నన్ను."

"నాకు అప్పుడే తెలుసు," అంది చిన్నమ్మాయి మెల్లగా.

"ఏం తెలుసు?"

"నీ చెయ్యి పట్టుకున్నాగా. షుగర్ పడితే నీ అరచెయ్యి జిగటగా, చల్లగా అయిపోతుంది. ఇవాళ పొడిగా, వెచ్చగా ఉంది. వణుకు కూడా లేదు."

"తెలిసీ నాకు గ్లూకోజ్ తినిపించావా? మేడంకి చెప్పలేదే? ఇప్పుడు అమ్మ ఇన్ని మాటలంటుంటే చెప్పలేదే?"

చిన్నమ్మాయి మొదటిసారి తలెత్తింది. "చెప్తే ఏమవుతుంది? రేపు నీకు నిజంగా పడిపోయి నువ్వు స్టిక్ ఎత్తితే, 'నాటకాలాడుతోంది, వదిలెయ్' అంటారు. ఎవరూ రారు. నేను ఇంకెక్కడో ఉంటాను. అప్పుడు నువ్వు..." అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా ఒక్కసారి బయటికి వచ్చింది. "నాక్కూడా కుళ్ళేనే అక్కా. నాకు జ్వరం వచ్చినా అమ్మ ముందు నీ వేలే చూస్తుంది. కానీ నువ్వు పడిపోతే చూస్తూ ఊరుకోలేను. ఏం చెయ్యను?"

పెద్దమ్మాయి కుర్చీలో కూలబడింది. ఒక గోల్ ఆపాననుకుంది, ఒక చోటు నిలబెట్టుకున్నాననుకుంది. తన ప్రాణానికి కాపలాగా ఉన్న నమ్మకాన్ని తానే పొడిచేసుకుంటే, ఆ చిల్లు మీద చెల్లెలు చెయ్యి అడ్డుపెట్టి నిలబడిందని అప్పుడు అర్థమైంది. రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

అమ్మ అరవలేదు. ముందు ఇన్సులిన్ తెచ్చి పెద్దదానికి ఇచ్చింది. తర్వాత చిన్నదాని పక్కన నేల మీద చతికిలబడి, దాని తల ఒళ్ళోకి లాక్కుంది.

"తొమ్మిదేళ్ళ పిల్ల నెత్తిన ఇంత బరువు పెట్టాను," అంది. "పెట్టి మర్చిపోయాను. తప్పు నాదే తల్లీ."

"అయితే ముగ్గురూ పంచుకుని ఏడవండి," అన్నాడు నాన్న కళ్ళు తుడుచుకుంటూ. "నేను అన్నం వేడి చేస్తాను."

మర్నాడు పెద్దమ్మాయి జట్టు మొత్తం ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. కోచ్ మేడం జట్టు జాబితా తీసి రెండు పేర్లు తారుమారు చేసింది.

"మీ చెల్లెలు ఆడుతుంది. నువ్వు బెంచీ మీద ఉంటావు. శిక్షే, కాదనను."

"ఉంటాను మేడం. కానీ ఒక్కటి అడగాలి. షుగర్ పడితే ఏం చెయ్యాలో అందరికీ నేర్పిస్తాను. అది ఒక్కతే ఎందుకు చూడాలి నన్ను?"

మేడం తలూపింది. ఆ సాయంత్రం అందరూ గుండ్రంగా కూర్చున్నారు. అందరికంటే ముందు గోల్‌కీపర్ ప్యాకెట్ చింపడం నేర్చుకుంది, నేర్చుకుంటూ సగం పొడి తనే తినేసింది.

టోర్నమెంట్ రోజున ఎముకలు కొరికే చలి. పెద్దమ్మాయి కంబళి కప్పుకుని బెంచీ మీద కూర్చుంది. రెండో సగంలో వేళ్ళు సన్నగా వణకడం మొదలైంది, వీపు మీద చల్లటి చెమట పట్టింది. ఇది నిజంది. పక్కనున్న రిజర్వ్ పిల్ల మోచేతిని పట్టుకుని, "నాకు షుగర్ పడుతోంది," అంది. ఇంట్లోవాళ్ళు కాని మనిషితో ఆ మాట అనడం అదే మొదలు. ఆ పిల్ల కంగారుపడకుండా ప్యాకెట్ చింపి చేతిలో పెట్టింది, భుజానికి భుజం ఆనించి కూర్చుంది.

అదే సమయానికి చిన్నమ్మాయి బంతితో గోల్ వైపు దూసుకుపోతూ, అలవాటు కొద్దీ బెంచీ వైపు చూసింది. పరుగు తగ్గింది. పెద్దమ్మాయి నోట్లో పొడి ఉండగానే లేచి నిలబడి, ఉన్న ఓపికంతా కూడగట్టుకుని అరిచింది.

"ఇటెందుకే చూస్తావ్? నాకు మనుషులున్నారు! నువ్వు బంతి చూడు!"

చిన్నమ్మాయి తల తిప్పుకుంది. ఆ తర్వాత ఆట అయ్యేదాకా మళ్ళీ ఒక్కసారి కూడా అక్క వైపు చూడలేదు. అలా చూడకుండా ఆడగలుగుతున్నందుకు పెద్దమ్మాయికి ఇంకా కొంచెం కుళ్ళుగానే ఉంది. ఆ కుళ్ళుతోనే, కళ్ళ నీళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయి, గొంతు పోయేదాకా చెల్లెల్ని పేరు పెట్టి పిలుస్తూ చప్పట్లు కొట్టింది.