వరసలో చివరి సైకిల్

“చెయ్యి ఎత్తు! కిందకి చూడకు, ముందుకి చూడు! నేను పట్టుకునే ఉన్నా!”

అమ్మ పరుగెత్తుతోంది. ఒక చేత్తో సైకిల్ సీటు పట్టుకుని, చెప్పులు టపటపలాడుతుంటే, జుట్టు ముడి ఊడిపోతున్నా పట్టించుకోకుండా పరుగెత్తుతోంది. ఆ సైకిల్ మీద ఉన్నది మాత్రం ఆమె కూతురు కాదు.

కూతురు గోడ మీద కూర్చుని, మూతి ముడుచుకుని చూస్తోంది.

ఆ పిల్లని అందరూ రివ్వు అంటారు. ఐదో ఏటనే సైకిల్ నేర్చుకుని సందుల్లో రివ్వున దూసుకుపోయేది. ఇప్పుడు పదకొండేళ్ళు వచ్చినా ఆ పేరే ఉండిపోయింది.

అమ్మ వారమంతా కళ్ళద్దాల షాపులో పని చేస్తుంది. ఆదివారం పొద్దున మాత్రం మార్కెట్ వెనక ఖాళీ పార్కింగ్ స్థలంలో చుట్టుపక్కల పిల్లలకి సైకిల్ నేర్పుతుంది. తొక్కడం ఒక్కటే కాదు. మలుపులో చెయ్యి ఎలా చూపించాలి, రోడ్డు ఎక్కడ దాటాలి, ఆగి ఉన్న కారు తలుపుకి ఎంత దూరంగా పోవాలి, అన్నీ నేర్పుతుంది.

ఇన్నాళ్ళూ ఆ ఆదివారాలు రివ్వువే. “బ్రేక్ ఇలా వెయ్యాలి, చూడండి” అని అమ్మ అనగానే రివ్వు వేసి చూపించేది. పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు.

రెండు నెలల కిందట ఈ పిల్ల వచ్చింది. రివ్వు ఈడుదే. కానీ సైకిల్ అంటే ఏనుగు ఎక్కినంత భయం. ఒక్కో పెడల్ ఆలోచించి ఆలోచించి తొక్కుతుంది. ‘నిదానం’ అని పేరు పెట్టింది రివ్వే. అందరూ పగలబడి నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వేసింది. అదీ రివ్వుకి నచ్చలేదు. కాస్త ఏడ్చి ఉంటే బాగుండేది.

“వదిలేశా! చూడు, ఒంటి చేత్తో తొక్కుతున్నావు!” అమ్మ చప్పట్లు కొట్టింది. తర్వాత వెళ్ళి నిదానాన్ని గట్టిగా కావలించుకుంది.

గోడ మీద రివ్వు ముఖం తిప్పుకుంది. అమ్మ తనకి అలా చప్పట్లు కొట్టి ఎన్నాళ్ళయింది? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

అమ్మ ఆయాసపడుతూనే అందరినీ పిలిచింది.

“వచ్చే ఆదివారం మొదటిసారి పెద్ద రోడ్డు మీదకి వెళ్తున్నాం. లైబ్రరీ దాకా. రోడ్ల ఇంజనీరు గారు అక్కడికి వస్తానన్నారు. డిపో దగ్గర సిగ్నల్ పెట్టమని మనం రాసిన ఉత్తరం ఆయన చేతికిద్దాం.”

పిల్లలు ఓ అని కేకలు వేశారు. బస్సు డిపో ముందు రోడ్డు దాటడమంటే వాళ్ళందరికీ హడలే. జీబ్రా గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. బడికి వెళ్ళేటప్పుడు రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటాలి.

“పదిమందీ ఒకే వరసలో రావాలి. అందరికంటే ముందు...”

రివ్వు అప్పుడే సగం లేచింది.

“...నిదానం. చివర రివ్వు.”

“నేను చివరా? అందరికంటే ఫాస్ట్‌గా తొక్కేది నేను కదా!”

“అందుకే చివర. మెల్లగా తొక్కేవాళ్ళు ముందుంటే వరస తెగదు. బాగా వచ్చినవాళ్ళు చివర ఉండాలి. ఎవరైనా ఆగిపోతే చూసుకోవాలి కదమ్మా.”

అమ్మ చెప్పింది సబబుగానే ఉంది. కానీ రివ్వు చెవికి ఎక్కింది ఒక్క మాటే. చివర.

సాయంత్రం భోజనాల దగ్గర ఉండబట్టలేక అంది. “ఆ నిదానానికి చెయ్యి ఎత్తితే సైకిల్ వంకరపోతుంది. అందరినీ పడేస్తుంది చూడు.”

“వంకరపోతే సర్దుకుంటుందిలే. ఆ పిల్ల చూపు మాత్రం భలే చూపు. మొన్న మ్యాన్‌హోల్ మూత కదులుతోందని కనిపెట్టింది తనే,” అని అమ్మ మురిసిపోయింది.

రివ్వు కంచం ముందు నుంచి లేచిపోయింది. వారమంతా అమ్మతో సరిగ్గా మాట్లాడలేదు. అడిగినదానికి “ఊ”, “ఊహూ”. అంతే.

ఆదివారం పది సైకిళ్ళూ బయలుదేరాయి. ముందు నిదానం, నత్తలా. చివర రివ్వు. రివ్వు ముందున్నది బఠాణీ. ఆ పిల్లకి ఏడేళ్ళు. హెల్మెట్ పెట్టుకుంటే ముఖం సగం మాయమవుతుంది.

ఈ నత్తనడకకి రివ్వు కాళ్ళు జివ్వుమంటున్నాయి. దారంతా లోపల ఉడుక్కుంటూనే ఉంది. దానికోసం నేను పాకాలా? దానికేమో ముందు స్థానం, నాకేమో తోక!

డిపో వచ్చింది. అమ్మ రోడ్డు మధ్యలో నిలబడి ఎర్ర బోర్డు ఎత్తింది. బస్సులు ఆగాయి. సైకిళ్ళు ఒక్కొక్కటిగా దాటుతున్నాయి. ముందు దాటిన నిదానం వీపు తట్టి, “శభాష్!” అంది అమ్మ. అది వరస చివరి దాకా వినిపించింది.

సరిగ్గా అప్పుడే బఠాణీ సైకిల్ కటకటమని ఆగిపోయింది.

“అక్కా! చెయిన్ ఊడిపోయింది! ఆగక్కా!”

రివ్వు వింది. వినలేదని చెప్పడానికి లేదు. కానీ కళ్ళన్నీ అమ్మ మీదే ఉన్నాయి. చెయిన్ వేసుకుని తనే వస్తుందిలే అనుకుంది. బఠాణీ పక్క నుంచి తిప్పుకుని ముందుకి పోయింది.

“వెనక ఇంకెవరైనా ఉన్నారా?” బోర్డు ఎత్తి పట్టుకునే అడిగింది అమ్మ.

“ఎవరూ లేరు!”

ఆ మాట ఎలా వచ్చిందో రివ్వుకే తెలియదు. వెనక్కి తిరగనైనా లేదు. అమ్మ బోర్డు దించేసి, సైకిల్ ఎక్కి, లైబ్రరీ ముందు మలుపులో బండ్లు ఆపడానికి గబగబా ముందుకి వెళ్ళిపోయింది. వెనక బస్సులు బర్రుమని కదిలాయి.

ముందంతా తిన్నటి రోడ్డు. రివ్వు ఇక ఆగలేకపోయింది. ఒకరిని దాటింది. ఇద్దరిని దాటింది. చివరికి నిదానం పక్కకి వచ్చి, “ఇలా తొక్కాలి!” అంది.

నిదానం చెయ్యి ఎత్తి, మెల్లగా బ్రేక్ వేసి, సైకిల్ దిగింది. వెనక అందరూ ఆగారు. ఆ పిల్ల వేలితో ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది.

“తొమ్మిదిమందే ఉన్నాం. బఠాణీ ఏది?”

రివ్వు గిరుక్కున వెనక్కి తిరిగి చూసింది.

“నువ్వు కదా చివర ఉన్నది?” నిదానం గొంతులో కోపం లేదు. భయం ఉంది. “వెళ్ళు. తొందరగా వెళ్ళు. వీళ్ళని నేను తీసుకెళ్తా.”

రివ్వు సైకిల్ వెనక్కి తిప్పింది. ఎదురుగా బండ్లు. తొక్కడానికి వీల్లేదు. దిగి, ఫుట్‌పాత్ మీద నడిపించుకుంటూ పరుగెత్తింది. ఫుట్‌పాత్ ఎక్కడుంది? సగం కార్లు ఎక్కి ఉన్నాయి. సగం ఇసుక కుప్పలు. రోజూ సైకిల్ మీద ఎగిరిపోయే రివ్వు ఆ దారిని ఎన్నడూ అంత దగ్గరగా చూడలేదు.

డిపో దగ్గరికి వచ్చేసరికి అవతల బఠాణీ కనిపించింది. ముఖమంతా కన్నీళ్ళు, చేతులనిండా గ్రీజు. సైకిల్ తోసుకుంటూ ఒక కాలు రోడ్డు మీద పెట్టేసింది.

“కదలకు! అక్కడే ఉండు!”

ఒక బస్సు హోరుమంటూ మధ్యలో పోయింది. ఆ ఒక్క క్షణం రివ్వుకి ఏమీ కనిపించలేదు. బస్సు పోయాక చూస్తే, బఠాణీ వెనక్కి జరిగి గోడకి అతుక్కుని ఉంది.

పక్కనే తెల్ల యూనిఫాం వేసుకున్న నర్సు ఒకావిడ రోడ్డు దాటడానికి నిలబడి ఉంది. రివ్వు చెయ్యి ఎత్తింది. ఒక్క కారూ ఆగలేదు.

“నీ ఒక్కదానికి ఆగరు పాపా,” అంది నర్సు. “నేను డ్యూటీకి పోయేటప్పుడు రోజూ ఇక్కడ పావుగంట నిలబడతా. చెల్లెలా అక్కడ?”

రివ్వు తల ఊపింది.

నర్సు తన సంచి ఊపుతూ కేక పెట్టింది. డిపోలోంచి బయటికి వస్తున్న ఒక బస్సు డ్రైవరు చూసి, బస్సుని అడ్డంగా నిలిపేశాడు. అప్పుడు దాటారు నర్సూ, రివ్వూ.

బఠాణీ రివ్వు నడుం వాటేసుకుంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు వదిలేసింది.

“పిలిచాను కదక్కా. నువ్వు ఆగలేదు.”

రివ్వు కూర్చుని చెయిన్ వేసింది. నర్సు వాళ్ళిద్దరినీ అవతలికి దాటించి పంపింది.

లైబ్రరీ గేటు దగ్గర అమ్మ అటూ ఇటూ తిరుగుతోంది. ఇద్దరినీ చూడగానే పరుగెత్తుకొచ్చింది.

“ఇద్దరూ వెనక వస్తున్నారని నిదానం చెప్పింది. చెయిన్ ఊడిందా? గ్రీజు చూడు! నా బంగారుతల్లీ, పిల్లని వదలకుండా ఉన్నావు!”

అమ్మ కావలించుకుంది. గట్టిగా, అందరి ముందూ. రెండు నెలలుగా రివ్వు కోరుకున్నది ఇదే. కానీ ఇప్పుడు ఒళ్ళంతా ముళ్ళు గుచ్చుకున్నట్టుంది. నిదానం అక్కడే నిలబడి ఉంది. తన బూట్ల వైపు చూసుకుంటోంది.

లోపల రోడ్ల ఇంజనీరు ఉత్తరం రెండుసార్లు చదివాడు.

“బాగా రాశారు. కానీ మేడమ్, అక్కడ పెద్ద ప్రమాదం ఏదీ మా రికార్డులో లేదు. ఇవాళ కూడా పిల్లలంతా క్షేమంగానే వచ్చారు కదా?”

“మా అమ్మాయి చివర కాపలా ఉంది కాబట్టి వచ్చారండీ,” అంది అమ్మ, రివ్వు భుజం మీద చెయ్యి వేసి.

రివ్వు తలెత్తి ఇంజనీరు వైపు చూసింది.

“నేను కాపలా లేను సార్. బఠాణీ పిలిచింది. నేను ఆగలేదు. వెనక ఎవరూ లేరని అమ్మకి అబద్ధం చెప్పా. బఠాణీ ఒక్కతే అటు పక్కన ఉండిపోయింది. ఒక బస్సు...” రివ్వు బఠాణీ వైపు చూసింది. “ఒకరు తగ్గారని కనిపెట్టింది నిదానం. నేను కాదు.”

అమ్మ చెయ్యి భుజం మీద నుంచి జారిపోయింది.

ఇంజనీరు కళ్ళజోడు సర్దుకున్నాడు. “అయితే పొరపాటు నీదన్నమాట. రోడ్డుది కాదు.”

రివ్వు తల వంచుకుంది. నిజమే కదా మరి.

“పిల్లలు పొరపాట్లు చేస్తారు కదా సార్,” అంది నిదానం, ఎప్పటిలాగే మెల్లగా. “చేసినా ఇంటికి తిరిగి రావాలి కదా.”

ఇంజనీరు ఫైలు మూసి లేచాడు. “పదండి. ఆ రోడ్డు నేనూ దాటి చూస్తా. మేడమ్, మీ బోర్డు మాత్రం ఎత్తకండి.”

ఆయన అక్కడ దాటడానికి పదకొండు నిమిషాలు పట్టింది. రెండుసార్లు ముందుకి పోయి వెనక్కి గెంతాడు. కళ్ళజోడు కూడా జారిపడింది. పిల్లలు నవ్వు ఆపుకోలేక చచ్చారు. అవతలి నుంచి చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చి, జీబ్రా గీతలు ఈ వారమే వేయిస్తానని, సిగ్నల్ కోసం పై ఆఫీసుకి తనే రాస్తానని చెప్పి వెళ్ళాడు.

అమ్మ రివ్వుని పక్కకి పిలిచింది. “ఎందుకలా చేశావు?”

“నువ్వు ఎప్పుడూ దాని సీటే పట్టుకుంటావు. నాది పట్టుకోవు.”

అమ్మ వంగి రివ్వు కళ్ళలోకి చూసింది. “నీకు అవసరం లేదనుకున్నా.”

“అవసరమే,” అంది రివ్వు. కళ్ళు తుడుచుకుంది.

అమ్మ ఆ తల నిమిరింది. “అది నేను చూడలేదు. తప్పు నాదే. బఠాణీ సంగతి వేరు. దానికి మాత్రం నాకు ఇంకా కోపంగానే ఉంది.”

“నాక్కూడా,” అంది రివ్వు.

తిరుగు ప్రయాణానికి వరస కట్టారు. ముందు నిదానం. చివర ఎవరో అమ్మ చెప్పలేదు.

రివ్వు బఠాణీ దగ్గరికి వెళ్ళింది. “నీ వెనక నేను ఉండనా? నువ్వు ఒప్పుకుంటేనే.”

బఠాణీ హెల్మెట్ పైకి తోసుకుని ఆలోచించింది. “సరే. పిలిస్తే ఆగాలి.”

“ఆగుతా.”

నూరు గజాలు కూడా పోలేదు. “అక్కా!”

రివ్వు టక్కున కాలు కింద పెట్టింది. “ఏమైంది?”

“ఏం లేదు. ఆగుతావో లేదో చూశా.”

సందు మొదట్లో ఇంకోసారి పిలిచింది. మార్కెట్ కనిపించాక మళ్ళీ పిలిచింది. అప్పుడు వరస ముందు అమ్మ, నిదానం పక్కపక్కనే తొక్కుతూ ఏదో మాట్లాడుకుని నవ్వుకుంటున్నారు. ఏం చెప్పుకుంటున్నారో వినాలని రివ్వు మెడ సాచింది.

“అక్కా!”

రివ్వు ఆగింది. దిగి, స్టాండ్ వేసి, బఠాణీ దగ్గరికి నడిచింది.

“ఈసారి నిజంగానే ఊడింది,” అంది బఠాణీ.

రివ్వు మోకాళ్ళ మీద కూర్చుని చెయిన్ అందుకుంది.