నాలుగున్నర గంటల దూరం

పటమటలో ఆటో నడిపే జీవరత్నం ఆ పొద్దున ఇడ్లీ తింటూ భార్యకు దూరాలు చెబుతున్నాడు.

"హైదరాబాదు నించి కువైట్ మూడువేల కిలోమీటర్ల పైనే. విమానంలో మాత్రం నాలుగున్నర గంటలంట. మన బెజవాడ నించి హైదరాబాదు బస్సుకే ఆరు గంటలు. ఆ లెక్కన హైదరాబాదే దూరం."

వేలికంటిన చట్నీ నాక్కుంటూ అతను నవ్వుతుంటే బ్లెస్సీ ముఖం తిప్పుకుంది. ఒళ్లో పదకొండు నెలల పాప పాలు తాగుతోంది. కువైట్‌లో ఎవరి ఇంట్లోనో ఆయా పనికి ఆమెను పంపాలని నెల నుంచీ అతనిది ఒకటే పోరు. ఆమె ఇంకా సరేననలేదు.

ఇంతలో అత్త శౌరమ్మ చిన్న గిన్నె తెచ్చి పక్కన పెట్టింది. అందులో వేపాకు ముద్ద.

"ఇదెందుకత్తయ్యా?"

"రొమ్ముకి పూసుకోమ్మా. చేదు తగిలితే పిల్లే మానేసుద్ది. వచ్చే నెల ప్రయాణమంటగా, వాడే నూరమన్నాడు."

బ్లెస్సీ భర్త వైపు చూసింది. "ఒప్పేసుకున్నారా?"

"మంచి ఇల్లు, పోగొట్టుకుంటామా? చంటిపిల్లని చూసుకోవడమే పని."

"ఎన్ని నెలల పిల్ల?"

"ఐదంట."

"నా పిల్ల నోట్లో చేదు పెట్టి, వాళ్ల పిల్లకి పాలసీసా పట్టాలి. అంతేగా? మీ పక్కన కూర్చోవాలంటే రోతగా ఉందండీ."

"పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతావే. దానికింత రాద్ధాంతమా?"

"పోయేదానికి నాలుగున్నర గంటలు. పాపకి జ్వరమొస్తే, తిరిగి రావడానికి ఎన్ని గంటలు?"

జీవరత్నం నీళ్లు తాగాడు. "రెండేళ్ల అగ్రిమెంటు. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంటదంట."

శౌరమ్మ కొడుకు వంక అసహ్యంగా చూసింది. "నాలుగు గంటల్లో వచ్చిపోద్దన్నావు కదరా నాతో. థూ." గిన్నె తీసుకెళ్లి కాలవలో పారబోసింది.

అతను చొక్కా తగిలించుకుని వీధి చివర ఎస్టీడీ బూతుకు వెళ్లాడు. తిరిగొచ్చి గడప మీదే కూలబడ్డాడు.

"రాదని ఏజెంటుకి చెప్పేశా."

"ఏమన్నాడు?"

"డ్రైవర్ పని ఖాళీ ఉంది, నువ్వు పోతావా అన్నాడు." అతను తల వంచుకున్నాడు. "రెండేళ్లు పిల్లని వదిలి నేనుండలేనండీ అన్నాను. ఆలోచించలేదు, అదే వచ్చేసింది. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే అసహ్యమేసింది బ్లెస్సీ."

బ్లెస్సీకి ఏడుపు ముంచుకొచ్చింది. కోపం పూర్తిగా పోలేదు. అయినా లేచి వెళ్లి, పాలు తాగి నిద్రపోయిన పాపను అతని చేతుల్లో పెట్టింది. అతని కళ్లనీళ్లు పాప గౌను మీద పడుతుంటే, కాసేపు అలా చూసి, తన కొంగుతో అతని ముఖం తుడిచింది.